తాళం తీసినందుకు ఒక నెల అద్దె

హైదరాబాద్ కొండాపూర్‌లోనో మణికొండలోనో 28,000 అద్దెకు ఒక డబుల్ బెడ్రూం ఫ్లాట్ ఉందనుకుందాం. ఉద్యోగంలో కొత్తగా చేరిన మీ మేనల్లుడు అందులో దిగాలంటే చేతిలో ఎంత ఉండాలి? రెండు నెలల అడ్వాన్స్ 56,000. మొదటి నెల అద్దె 28,000. బ్రోకర్ కమీషన్ ఒక నెలది, ఇంకో 28,000. మెయింటెనెన్స్ 3,500. వెరసి 1,15,500. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్స్‌లోంచి మరో నెల అద్దె పట్టుకోవడం మామూలే. పదకొండు నెలలకే ఖాళీ చేయాల్సి వస్తే, కమీషనూ పెయింటింగూ కలిపి పోయిన 56,000ని 11తో భాగించండి. నెలకు 5,090. అంటే టు-లెట్ బోర్డు మీద 28,000 అని ఉన్న ఇల్లు మెయింటెనెన్స్‌తో సహా 36,590కి పడింది. ఈ లెక్క బ్రోకర్ వేసి చూపించడు. ఓనరూ చూపించడు.

బ్రోకర్లను తిట్టుకోవడం తేలిక. మా అభిప్రాయం కాస్త వేరు. హైదరాబాద్‌లో, ముఖ్యంగా పడమటి వైపు, కొత్త కిరాయిదారు పడే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఊళ్లో లేని ఓనర్. ఆ ఓనర్లలో విదేశాల్లో ఉండి ఈ పత్రిక చదివేవాళ్లు తక్కువమంది కాదు. తాళం వాచ్‌మన్ దగ్గర, మాట బ్రోకర్ దగ్గర, అద్దె మాత్రం మన ఖాతాలో. మధ్యలో ఉన్న మనిషి ఏం చెప్పి ఇల్లు ఇచ్చాడో మనకు తెలియదు.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా అడ్డు రాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఏజెంట్లు రిజిస్టర్ కావాలంటుంది గానీ అది అమ్మకాలు, కొనుగోళ్లు చేయించేవాళ్ల గురించి. అద్దె ఇళ్లు చూపించేవాళ్లు దాని కిందికి రారు. కాబట్టి 'మాది రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ఆఫీసు' అని కార్డు చూపించినా, అద్దె విషయంలో ఆ నంబరు మీకు అక్కరకు రాదు. కమీషన్ పదిహేను రోజులదా, నెలదా అన్నది కూడా బేరమే. అడిగితే తగ్గుతుంది, ముఖ్యంగా ఇల్లు రెండు నెలలుగా ఖాళీగా ఉంటే. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో బ్రోకర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగాలి.

బ్రోకర్‌కు డబ్బు వచ్చేది ఎప్పుడో చూస్తే అతని తొందర అర్థమవుతుంది. మీరు దిగినప్పుడు ఒకసారి, చాలాచోట్ల ఓనర్ దగ్గర కూడా. కొందరు అగ్రిమెంట్ రెన్యూవల్‌కి మళ్లీ సగం అడుగుతారు. మీరు ఖాళీ చేస్తే కొత్తవాళ్ల దగ్గర ఇంకోసారి. మీరు అదే ఇంట్లో అయిదేళ్లు హాయిగా ఉంటే అతనికి ఒరిగేదేమీ లేదు. ఇది దుర్మార్గం కాదు, వ్యాపారం. అందుకే కమీషన్‌ను రెండు ముక్కలుగా ఇవ్వండి: అగ్రిమెంట్ మీద ఓనర్ సంతకం పడిన రోజు సగం, తాళాలు చేతికొచ్చి, ఒప్పుకున్న రిపేర్లు అయ్యాక మిగతా సగం. మొత్తం ముందే ఇచ్చేశాక గీజర్ రిపేరుకు ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు.

ఒకే ఫ్లాట్‌ను ముగ్గురు బ్రోకర్లు చూపించడం మామూలే. తర్వాత 'ముందు చూపించింది నేను' అని ఇద్దరు కమీషన్‌కు వస్తారు. ఏ ఫ్లాట్ ఎవరితో, ఏ తేదీన చూశారో వాట్సాప్‌లో అప్పటికప్పుడు ఒక ముక్క పంపి ఉంచండి.

ఇల్లు చూసే వేళ కూడా ముఖ్యం. బ్రోకర్ సాయంత్రం లైట్లన్నీ వేసి చూపిస్తాడు. మీరు మర్నాడు ఉదయం ఏడింటికి ఒక్కరే వెళ్లండి, అందరూ స్నానాలు చేసే వేళకి. పైఅంతస్తులో షవర్ ధార ఎలా వస్తుందో అప్పుడే తెలుస్తుంది. బాత్రూం కుళాయి మూతి దగ్గర వేలు పెట్టి చూడండి. తెల్లగా, గరుకుగా గార కట్టి ఉంటే వాడేది ఎక్కువగా బోరు నీళ్లు. గీజర్ కాయిల్, వాషింగ్ మెషీన్ త్వరగా పోతాయి. మంజీరా నీళ్ల కనెక్షన్ ఉందా, మొన్న మేలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగాయి, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఉందా, విడిగా పంచుతారా? వాచ్‌మన్‌కు ఇవన్నీ నోటికి తెలుసు. జనరేటర్ లిఫ్టుకేనా, ఇళ్లకు కూడానా అన్నదీ అతన్నే అడగండి.

తర్వాత కరెంటు బిల్లు చూపించమనండి. దాని మీద యుఎస్‌సీ నంబరు (ఆ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఉంటుంది, దానితో పాత బకాయి ఉందేమో ఆన్‌లైన్‌లో చూడొచ్చు. బిల్లు మీదున్న పేరు, ప్రాపర్టీ టాక్స్ రసీదు మీదున్న పేరు, అగ్రిమెంట్‌లో ఓనర్ పేరు మూడూ కలవాలి. కలవకపోతే కారణం అడగండి. బిల్డర్ పేరు నుంచి తమ పేరుకు మార్పించుకోని కేసులు బోలెడు, అది ప్రమాదం కాదు. కానీ కారణం చెప్పకుండా కసురుకుంటే అక్కడితో ఆగిపోండి. పోర్షన్లలో సబ్‌మీటర్ ఉంటే యూనిట్‌కు ఎంతో ముందే తేల్చుకోండి. శ్లాబు రేటు ఒకటైతే వసూలు చేసేది ఇంకొకటి కావచ్చు.

ఇల్లు మనకే ఉంచమని ముందిచ్చే టోకెన్ దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది. అయిదు వేలు పంపేముందు బ్రోకర్‌కీ ఓనర్‌కీ కలిపి ఈ మాదిరి మెసేజ్ పెట్టి, 'ఓకే' అని జవాబు తీసుకోండి: 'ఫ్లాట్ 304. అద్దె 28,000, మెయింటెనెన్స్ 3,500, అడ్వాన్స్ 56,000. టోకెన్ 5,000 అడ్వాన్స్‌లో కలుస్తుంది. ఓనర్ వద్దనుకుంటే రెండు రోజుల్లో పూర్తిగా వాపసు. పెయింటింగ్‌కు కోత ఇంత. నోటీసు ఒక నెల.' ఇల్లు చూడకముందే గేట్ పాస్ అనీ, విజిటింగ్ ఛార్జీ అనీ అడిగేవాళ్లకు ఒక్క రూపాయి పంపొద్దు. 'మిలిటరీలో ఉన్నాను, మీకే డబ్బు పంపుతున్నాను, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అనే ఓనర్ అసలు ఓనరే కాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు.

పదకొండు నెలల అగ్రిమెంట్ వెనక ఉన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ 11 దగ్గర ఆపుతారు. స్టాంపు పేపర్, నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు. బ్రోకర్ తెచ్చే డ్రాఫ్ట్ ఎన్నో చేతులు మారిన పాత కాగితం. ఒక్కోసారి పాత కిరాయిదారు పేరు అలాగే మూడో పేజీలో మిగిలి ఉంటుంది. లాక్-ఇన్ (ఖాళీ చేయకూడని గడువు) ఎన్ని నెలలు, పెంపు 5 శాతమా 10 శాతమా, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో వాపసు అన్న మూడు చోట్లా అంకెలు రాసి ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.

ఇక ఓనర్లమైన మన సంగతి. ఓనర్ ఎన్నారై అని బ్రోకర్ కిరాయిదారుకు చెప్పడం అరుదు. ఎందుకంటే చెబితే కిరాయిదారు పారిపోతాడు. ఇండియాలో ఉండే ఓనర్‌కైతే నెల అద్దె 50,000 దాటినప్పుడే టీడీఎస్ (కిరాయిదారు అద్దెలోంచి ముందే కోసి కట్టే పన్ను) గొడవ, అదీ 2 శాతం. ఎన్నారై ఓనర్‌కు ఆ కనీస పరిమితి లేదు. మామూలుగా సెస్‌తో కలిపి 31.2 శాతం కోసి కట్టాలి. 28,000లో 8,736 పన్నుకు పోగా ఓనర్‌కు పంపాల్సింది 19,264. కిరాయికి దిగిన ఆ కుర్రాడు టాన్ నంబరు (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి, పన్నును వచ్చే నెల 7లోగా జమ చేయాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. చేయకపోతే నోటీసు వచ్చేది అతనికే. తొలి ఉద్యోగంలో ఉన్న పిల్లాడి నెత్తిన ఇది పెట్టి, మనం 'కిరాయివాళ్లు మంచివాళ్లు దొరకడం లేదు' అనడం న్యాయంగా లేదు. అందుకే ఎన్నారై అన్న సంగతి టు-లెట్ పెట్టేటప్పుడే చెప్పండి. తక్కువ రేటుకు కోయించుకునే సర్టిఫికెట్‌కు ఆదాయపు పన్ను శాఖకు మీరే ముందు దరఖాస్తు పెట్టుకోండి. టాన్, రిటర్న్‌ల పనికి ఆడిటర్ ఫీజు మీరే భరించండి.

సంతకం అక్కడ తమ్ముడో బావగారో పెడుతుంటే పవర్ ఆఫ్ అటార్నీ సరిగ్గా ఉండాలి. విదేశంలో రాసినదైతే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. ఇండియాకు చేరాక మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు వేయించాలి. బ్రోకర్ పేర పవర్ ఇచ్చి నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. అది మాత్రం చేయకండి.

బ్రోకర్లు ఇంటిపేరు ఆరా తీయడం, 'బ్యాచిలర్స్ వద్దు', 'వెజిటేరియన్స్ మాత్రమే' అనడం వాళ్లు కల్పించినది కాదు, ఓనర్ ఫోన్‌లో చెప్పింది. పరాయి దేశంలో క్రెడిట్ హిస్టరీ లేదని ఇల్లు ఇవ్వకపోతే నొచ్చుకున్నవాళ్లం, ఆ ఫోన్ చేసేముందు కాస్త ఆలోచించాలి.

అడ్వాన్స్ మీ ఎన్నారో ఖాతాలోకే (ఎన్నారైల ఇండియా ఆదాయం జమయ్యే బ్యాంకు ఖాతా) రావాలి, బ్రోకర్ ఖాతాలోకి కాదు. వచ్చాక దాన్ని కదపకండి. తాళాలిచ్చే రోజున, తీసుకునే రోజున పది నిమిషాల వీడియో కాల్ పెట్టి మీటర్ రీడింగ్, గీజర్, చిమ్నీ, గోడలు కిరాయిదారుతో కలిసి చూడండి. రెండో కాల్‌లో గోడ మీద మేకు రంధ్రాలు తప్ప ఇంకేమీ కనిపించకపోతే, పెయింటింగ్‌కు నెల అద్దె ఎందుకు కోస్తున్నారో మీరే అతనికి చెప్పాల్సి వస్తుంది.