ప్రేక్షకులు లేని కార్యక్రమం ఒకటి కావాలి

న్యూజెర్సీలో మా ఊరి గ్రంథాలయం కింది అంతస్తులో ఒక పెద్ద గది ఉంది. గత చలికాలం ఒక ఆదివారం మేము పద్నాలుగు మందిమి అక్కడ కలిశాము. బల్లలన్నీ ఒకదానికొకటి ఆనించి వేసి, గోధుమరంగు కాగితం చుట్టను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరిచి, బొగ్గు ముక్కలూ క్రేయాన్లూ గిన్నెల్లో పోసి పెట్టాము. తాడేపల్లిగూడెం దగ్గరి పల్లెటూరి నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ గోడవారన కుర్చీలో కూర్చొని, "నాకు బొమ్మలూ అవీ ఏం రావమ్మా, మీరు వేసుకోండి, నేను చూస్తూ కూర్చుంటాను" అన్నారు. కార్యక్రమం నడిపిస్తున్న అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, నృత్యంలో శిక్షణ పొందింది, తెలుగు కాస్త తడుముకుంటూ మాట్లాడుతుంది. ఆ అమ్మాయి ఒక బొగ్గు ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "బొమ్మ వద్దు అమ్మమ్మగారూ, చుక్కలు పెట్టండి చాలు" అంది.

ఆవిడ లేచారు. సందు చుక్క, 9 నుంచి 5. మధ్య వరసలో తొమ్మిది, దానికి పైనా కిందా ఎనిమిదేసి, ఆ తర్వాత ఏడేసి, అలా ఐదు దాకా మొత్తం 61 చుక్కలు, కొలతబద్ద లేకుండా, ఒక్కటి కూడా వరస తప్పకుండా పడ్డాయి. తర్వాత మెలిక మొదలుపెట్టారు. సగం దాకా వచ్చి ఒకచోట ఆగారు. చెయ్యి కాగితానికి కాస్త పైన, గాలిలోనే రెండుసార్లు తిప్పి చూసుకున్నారు. దారి గుర్తొచ్చినట్టుంది, మళ్లీ ఆనించి, ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపారు. "పిండయితే దానంతట అదే జారుద్ది, ఇది గీసుకుంటంది" అని బొగ్గంటిన వేళ్లు చూసుకున్నారు.

ఆ ముగ్గులోంచి ఒక మెలికను అమ్మాయి నేలమీద కాగితపు టేపుతో పెద్దగా అతికించి, అందరినీ దాని వెంట నెమ్మదిగా నడవమంది. గీతను గీత దాటే చోట ఎదురైన మనిషికి అరచెయ్యి తాకించి, దారి ఇచ్చి సాగిపోవాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు కుర్చీలో కూర్చొనే చేత్తో ఆ దారి తిప్పవచ్చు. పెద్దావిడ ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకొని రెండు చుట్లు నడిచారు. ఆ తర్వాత టీ తాగుతూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మా ఇంటికాడ పొద్దున్నే ముగ్గేస్తేగానీ రోజు మొదలైనట్టుండదు. ఇక్కడ వేద్దామంటే వాకిలేదీ?" గరాజ్ తలుపు ఎత్తి కారుతో సహా లోపలికి వెళ్లిపోయే ఇళ్లలో ఉంటున్న మనకు ఆ ప్రశ్న అంతకుముందు తట్టలేదు.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఇలాంటి కూడికలకు, అంటే అందరూ గీసి, అందరూ కదిలే, చూసేవాళ్లు ఎవరూ ఉండని కార్యక్రమాలకు, క్రమం తప్పకుండా కొంత సమయమూ కొంత డబ్బూ కేటాయించాలని కోరడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన పండుగ కార్యక్రమాలు ఎలా నడుస్తాయో ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటాము. వచ్చిన చందాల్లో పెద్ద భాగం మైకులకూ దీపాలకూ వేదిక అలంకరణకూ పోతుంది. పిల్లలు నాలుగేసి నిమిషాల అంశాలు ముప్పై, నలభై ప్రదర్శిస్తారు. ఆ వేదికను నేను తక్కువ చేయడం లేదు. పదిహేనేళ్లుగా తెర వెనక నిలబడి పిల్లల జడలు సవరించి, గజ్జెలు కట్టినదాన్ని నేను. తెలుగు పద్యం నోట పట్టని పిల్లలు ఆ వేదిక కోసమే నేర్చుకోవడం కళ్లారా చూశాను. అయితే మనుషుల తోడు ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో వాళ్లే ఆ హాల్లో మొదటి నుంచి చివరిదాకా ప్రేక్షకులుగా మిగిలిపోతున్నారు. సాధారణంగా ఆరు నెలల గడువుతో సందర్శకుల వీసా మీద వచ్చే తల్లిదండ్రులున్నారు. ఇక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన కోడళ్లున్నారు. ఆ వీసా వారికి 2015 దాకా పని చేసుకునే అనుమతే లేదు, ఇప్పటికీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే అది దొరుకుతుంది. భర్త పోయాక పిల్లల దగ్గర స్థిరపడిన తల్లులున్నారు. వీళ్లంతా ఐదారు గంటలు చీకట్లో కూర్చొని, వరసలో నిలబడి భోజనం చేసి, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండానే ఇంటికి చేరుకోగలరు, చేరుకుంటున్నారు కూడా.

అప్పట్లో అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యం గురించి మాట్లాడే ముఖ్య వైద్యుడిగా ఉన్న వివేక్ మూర్తి 2023లో ఒంటరితనం గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. ఈ దేశంలో వయోజనుల్లో సుమారు సగం మంది ఒంటరితనం అనుభవిస్తున్నట్టు చెబుతున్నారని, మనుషులతో సంబంధాలు సన్నగిల్లడం వల్ల కలిగే అకాలమరణపు ముప్పు రోజుకు 15 సిగరెట్ల దాకా కాల్చడంతో పోల్చదగినదని అందులో ఉంది. ఇక గీయడం, కదలడం సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై 3000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, రోగాలను నివారించడంలోనూ, ఉన్నవాటిని ఓర్చుకొని బతకడంలోనూ కళలకు పాత్ర ఉందని తేల్చింది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం నాకు మరీ దగ్గరగా తోచింది. 39 మంది వయోజనులకు రంగులూ బంకమట్టీ కాగితాలూ ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను సుమారు 75 శాతం మందిలో తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసే అలవాటు ఉందా లేదా అన్నదానితో ఆ తగ్గుదలకు సంబంధం కనిపించలేదు. "నాకు బొమ్మలు రావు" అని గోడవారన కూర్చునే మన పెద్దవాళ్లకు చెప్పవలసిన మాట ఇదే.

ఈ ఫలితాలను ఉన్నదానికన్నా పెంచి చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. కైమల్ అధ్యయనం చిన్నది, పోల్చి చూడటానికి అందులో మరో బృందం లేదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో ప్రసిద్ధ అధ్యయనంలో, న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించి, శారీరక వ్యాపకాలన్నిటిలో నాట్యం ఒక్కదానికే మతిమరుపు జబ్బు ముప్పు తగ్గడంతో సంబంధం ఉన్నట్టు చూపారు. నాట్యం వల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నవాళ్లే నాట్యం చేస్తూ ఉన్నారా అన్నది అలాంటి పరిశీలన ఒక్కటే తేల్చలేదు. మన పూర్వులు ఈ శాస్త్రమంతా ముందే తెలిసి ముగ్గులు పెట్టారన్న వాదనతోనూ నేను ఏకీభవించను, ముగ్గుకు ఆ గొప్ప అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది వైద్యం కాదు. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలనిపించక బాధపడుతున్న మనిషికి కావలసింది వైద్యుడు, అత్యవసరమైతే 988 సహాయ సంఖ్య, అంతేగానీ క్రేయాన్ల గిన్నె కాదు. ఆ తేడా తెలిసినవాళ్లే ఈ కార్యక్రమాలు నడపాలి. అయినా ఆ స్థితికి చేరకముందు, రోజంతా ఎవరూ పలకరించని మనిషికి ఒక గది, ఒక వలయం, చేతికి ఒక పని దొరకడం చిన్న విషయమేమీ కాదు.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. బతుకమ్మ ఆడే వలయంలో ముందు వరస ఉండదు, వెనక వరస ఉండదు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. వంగడం, చప్పట్లు చరచడం, అడుగు పక్కకు జరపడం ఆరేళ్ల పిల్లకూ డెబ్బై ఏళ్ల నాయనమ్మకూ ఒకేలా అందుతాయి. పాట రానివాళ్లు చరణానికి ఊరుకొని పల్లవికి గొంతు కలుపుతారు. ఇక్కడ తంగేడు, గునుగు దొరక్క బంతులూ చామంతులూ పేర్చుకుంటున్నా ఆట మారలేదు. సంక్రాంతి గొబ్బెమ్మల చుట్టూ తిరగడమూ అంతే, కోలాటమూ అంతే. అయితే వీటిని కూడా మనం పోటీలుగా మార్చుకుంటూ వస్తున్నాము. ముగ్గుల పోటీ సంగతే చూడండి. గంట సమయం, ముగ్గురు న్యాయనిర్ణేతలు, మూడు బహుమతులు. చెయ్యి తిరిగిన పది మంది వస్తారు, మిగతా వంద మంది చుట్టూ నిలబడి ఫోన్లలో ఫొటోలు తీస్తారు. వాకిట్లో వేసే ముగ్గుకు న్యాయనిర్ణేత లేడు. మధ్యాహ్నానికల్లా అది నడిచేవాళ్ల కాళ్ల కింద చెదిరిపోతుంది, మర్నాడు పొద్దున కళ్లాపి చల్లి మళ్లీ వేస్తారు.

మగవాళ్లు రారన్నది మా కార్యవర్గంలో వచ్చిన మొదటి అభ్యంతరం. నిజమే, మొదటిసారి ఇద్దరే వచ్చారు, వాళ్లు కూడా భార్యలను దింపడానికి వచ్చి ఆగిపోయినవాళ్లే. వాళ్లను ముగ్గు వేయమనలేదు, చిన్నప్పటి ఇంటి నుంచి బడికి వెళ్లే దారి గీయమన్నారు. ఈ పద్ధతికి మన నేలతో నిజమైన చుట్టరికం ఉంది. గ్రామాభివృద్ధి ప్రణాళికలను అధికారులు కాక గ్రామస్థులే తయారు చేసుకోవాలన్న ఆలోచనతో బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ మరికొందరితో కలిసి ఒక పద్ధతికి రూపం ఇచ్చారు. ఆయన 1989 నుంచి 1991 వరకు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పని చేశారు. ఆ పద్ధతిలో చదువురాని రైతులు, కూలీలు నేలమీద ముగ్గుపిండి, రంగుపొడులు, గింజలు, రాళ్లతో తమ ఊరి పటం తామే వేసేవారు. వచ్చిన అధికారి చేతిలోని పుల్లను ఊరివాళ్లకు ఇచ్చేసి పక్కకు జరగడమే అందులో మూలసూత్రం. మా గదిలో నీటిపారుదల శాఖలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన, మాట్లాడటానికే మొహమాటపడేవారు, కాలవ గట్టు, లాకులు, వంతెన, వంతెన పక్కన బడ్డీకొట్టు ఒక్కొక్కటీ వేసుకుంటూ కాగితం చాలక బల్ల అవతలి వైపుకు వెళ్లారు. తర్వాత ఆ దారిని గదిలో నడిచి చూపమంటే వంతెన దగ్గర పరుగెత్తబోయి ఆగి, "ఇక్కడ కుక్క ఉండేదండి" అన్నారు. ఆ రోజు టీ దగ్గర ఆయన చుట్టూ ఆరుగురు చేరారు.

బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య సంస్థ 2001లో, కదలికలను కష్టం చేసే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారికి నాట్య తరగతులు మొదలుపెట్టింది, ఆ పద్ధతి తర్వాత అనేక దేశాలకు పాకింది. అక్కడికి వచ్చేవారిని రోగులు అనరు, నర్తకులు అంటారు. మనం కూడా ఈ కార్యక్రమానికి "మానసిక ఆరోగ్య శిబిరం" అని పేరు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ పేరు పెడితే, వెళితే ఏమనుకుంటారోనన్న జంకుతో రావలసినవాళ్లే రారు. "గీత, అడుగు" అన్నా చాలు.

నడపడంలో మేము చేసిన పొరపాట్లు చెబితే మరొకరికి ఉపయోగం. మొదటిసారి ఫొటోలు తీశాము. కెమెరా లేచిన మరుక్షణం చేతులు బిగుసుకుపోయాయి, తాడేపల్లిగూడెం ఆవిడ చీర కొంగు సర్దుకొని గీయడం ఆపేశారు. రెండోసారి నుంచి ఫోన్లన్నీ ఒక బుట్టలో వేశాము. గీసినవి గోడకు అంటించకూడదని కూడా నేర్చుకున్నాము, అంటిస్తే ఎవరిది బాగుందన్న మాట దానంతట అదే వస్తుంది. పదిహేను మందికన్నా మించితే కొత్తవాళ్లు మూలకు చేరుతున్నారు. ముందు కూర్చొని గీత, తర్వాత నిలబడి కదలిక, చివర టీ, ఈ వరసలో గంటన్నర సరిపోతుంది. కార్యక్రమం నడిపిన అమ్మాయికి డబ్బు ఇవ్వకుండా "సేవ" అని సరిపెట్టుకోబోయాము, అది తప్పు. మైకులవాడికి ఇచ్చినప్పుడు ఆమెకు ఎందుకివ్వము? కాగితం, రంగులు అన్నీ కలిపినా వేదిక మీద పూల తోరణానికి అయ్యే ఖర్చులో నాలుగో వంతు కాలేదు.

అసలు అడ్డంకి కారు. పెద్దవాళ్లు ఇక్కడ బండి నడపరు. వారం మధ్యలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉంటారు, కానీ తీసుకొచ్చేవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు. శని, ఆదివారాల్లో ఆ తీసుకొచ్చేవాళ్లే పిల్లలను ఈత నుంచి సంగీతానికీ, సంగీతం నుంచి లెక్కలకూ తిప్పుతూ ఉంటారు. మా గ్రంథాలయం కూడికలు నాలుగోసారికి ఆగిపోవడానికి కారణం ఇదే, మనుషులకు ఇష్టం లేక కాదు. పరిష్కారం మన దగ్గరే ఉంది. వారాంతపు తెలుగు బడికి పిల్లలు ఎలాగూ వస్తారు, ఆ కారులో ఒక సీటు ఖాళీగానే ఉంటుంది. పిల్లలు పై అంతస్తులో గుణింతాలు దిద్దుకునే గంటన్నరలో, కింద ఫలహారశాలలో తాతయ్యలూ నాయనమ్మలూ అమ్మమ్మలూ, కొత్తగా వచ్చిన కోడళ్లూ కాగితం చుట్టూ చేరవచ్చు. నెలకు ఒకసారి, చివరి పావుగంట పిల్లలను కూడా కిందికి దింపి మెలిక వెంట నడిపించవచ్చు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఈ ప్రతిపాదన పెడుతున్నాను. నెలకు రెండు ఆదివారాలు, నడిపే మనిషికి పారితోషికం, కాగితం, రంగులు, టీ, అంతే. మా బడి ఫలహారశాల పదిన్నర నుంచి పన్నెండు దాకా ఖాళీగా ఉంటుందని కాపలాదారును అడిగి తెలుసుకున్నాను. కుర్చీలు ఎనభై ఉన్నాయి, బల్లలకు చక్రాలున్నాయి. తాడేపల్లిగూడెం ఆవిడ గడువు తీరి మార్చిలో వెళ్లిపోయారు. ఆవిడ ముగ్గు ఉన్న కాగితం చుట్టలో ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది, అది నా దగ్గరే ఉంది.