ఓరుగల్లు గాలివాటు నగరం కాదు

కొన్ని నెలలుగా మా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. వరంగల్ ఎప్పుడూ అధికార పార్టీకే ఓటేస్తుందనీ, తూర్పు, పడమర అని పేర్లే తప్ప ఊరంతా ఒకటే ఓటనీ, కార్పొరేషన్ గెలిచినవారిదే అసెంబ్లీ అనీ, హన్మకొండలో చదువుకున్నవారు పోలింగ్ నాడు ఇల్లు కదలరనీ అందులో ఉంది. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఓటు వేస్తున్నవాడిగా ఈ మాటలను సరిచూడకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు.

మొదటి మాటకు ఆధారం లేకపోలేదు. 2014లో, 2018లో తూర్పు, పశ్చిమ (హన్మకొండ వైపుది) నియోజకవర్గాలు రెండూ టీఆర్ఎస్‌కు (ఇప్పటి బీఆర్ఎస్), 2023లో రెండూ కాంగ్రెస్‌కు దక్కాయి. మూడుసార్లూ రాష్ట్రంలో ఆ పార్టీలే అధికారంలోకి వచ్చాయి. అయితే 2018లో టీఆర్ఎస్ 119 స్థానాల్లో 88 గెలిచింది కనుక, అప్పుడు రాష్ట్రంలో అత్యధిక నియోజకవర్గాలు చేసిన పనినే వరంగల్ కూడా చేసింది. దాన్ని ఈ నగరపు ప్రత్యేక లక్షణమనడం తప్పు.

ఇంకొంచెం వెనక్కి వెళితే లెక్క పూర్తిగా మారుతుంది. 1952లో ఢిల్లీలో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడినప్పుడు, కమ్యూనిస్టుల వేదిక అయిన పీడీఎఫ్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానంతో పాటు హన్మకొండ, వర్ధన్నపేట అసెంబ్లీ స్థానాల్లోనూ గెలిచారు. 1984 డిసెంబరులో కాంగ్రెస్‌కు దేశమంతటా నాలుగు వందలకు పైగా స్థానాలు రాగా, బీజేపీకి దక్కిన రెండింటిలో ఒకటి హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడినది సామాన్యుడు కాదు; 1977లోనూ 1980లోనూ అదే స్థానం నుంచి గెలిచి, కేంద్ర మంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు. ఆ గెలుపు వెనుక అప్పటికి రాష్ట్రాన్ని ఏలుతున్న తెలుగుదేశం మద్దతు ఉన్న మాట నిజమే, దాన్ని దాచనక్కరలేదు. కానీ ఢిల్లీ గాలి అంత బలంగా వీచిన ఏడాదిలో, ఈ ప్రాంతపు బిడ్డ అయిన కేంద్ర మంత్రినే కాదనుకున్న ఓటరును గాలివాటు ఓటరని ఎలా అంటాం? ఆ లోక్‌సభ స్థానంలో పల్లెలూ ఉన్నాయి కాబట్టి ఆ తీర్పు నగరానిది మాత్రమే అనను.

నగరానికే పరిమితమైన ఉదాహరణ కావాలంటే 2009 చూడండి. రాష్ట్రంలో కాంగ్రెస్ మళ్లీ అధికారంలోకి వచ్చింది. ఆ ఎన్నికల్లోనే తూర్పులో కాంగ్రెస్ అభ్యర్థి బస్వరాజు సారయ్య, పశ్చిమలో టీఆర్ఎస్ అభ్యర్థి దాస్యం వినయభాస్కర్ గెలిచారు. మరుసటి ఏడాది తెలంగాణ కోసం రాజీనామాలు చేసి వెళ్లిన ఉప ఎన్నికలోనూ పశ్చిమ ఓటరు అధికార పార్టీని కాదని ఆయననే ఎన్నుకున్నాడు. ఒకే నగరంలో రెండు తీర్పులు రావడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 2023లో రెండు చోట్లా కాంగ్రెసే గెలిచినా, పశ్చిమలో రెండో స్థానం బీఆర్ఎస్‌ది, తూర్పులో బీజేపీది. గెలిచినవారి పేర్లు మాత్రమే చదివితే ఈ తేడా కనిపించదు.

కార్పొరేషన్ సంగతి మరీ విచిత్రంగా వక్రీకరించారు. 2016లో 58 డివిజన్లలో 44, 2021లో 66 డివిజన్లలో 48 టీఆర్ఎస్ గెలిచింది. ఆ తర్వాత మూడేళ్లు తిరగకుండానే ఆ పార్టీ రెండు అసెంబ్లీ స్థానాలనూ కోల్పోయింది. పైగా గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ హద్దులు, ఈ రెండు నియోజకవర్గాల హద్దులు ఒకటి కావు. కొన్ని డివిజన్లు వర్ధన్నపేట, పరకాల వైపు పడతాయి. 2016లో ఒక్క డివిజన్‌కే పరిమితమైన బీజేపీ 2021లో పదికి చేరింది. తూర్పులో 2023లో బీజేపీకి దక్కిన రెండో స్థానానికి జాడ వెతకాలంటే 48 అన్న అంకెలో కంటే ఈ పదిలో వెతకడం మేలని నా అభిప్రాయం.

2021 ఏప్రిల్ 30న కరోనా రెండో ఉధృతిలో, మాస్కులు కట్టుకొని, దూరదూరంగా గీసిన సున్నాల్లో నిలబడి ఓటేశాం. అంతకు ముందు ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఇంటింటికీ వచ్చిన ప్రతి అభ్యర్థినీ మా వీధిలో అడిగింది ఒకటే: నాలా సంగతి ఏం చేస్తావు? ముఖ్యమంత్రి ఎవరు కావాలన్న ప్రశ్నకు ఆ రోజు వేసిన ఓటు జవాబు కాదు.

నగరాలన్నీ ఒకే తీరున ఓటేస్తాయన్న వాక్యం కూడా ఆ సందేశంలో ఉంది. 2023లో కరీంనగర్ బీఆర్ఎస్‌కు, నిజామాబాద్ అర్బన్ బీజేపీకి, వరంగల్ రెండు స్థానాలూ కాంగ్రెస్‌కు దక్కాయి. హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కు ఒక్క స్థానమూ రాలేదు. దీనిమీద ఇక చర్చ అనవసరం.

హన్మకొండ వైపు పోలింగ్ శాతం చుట్టుపక్కల పల్లె నియోజకవర్గాల కంటే తక్కువన్నది వాస్తవం. దానికి బద్ధకమే కారణమన్నది అన్యాయం. కాకతీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, నిట్ ఉన్న ఊరు కనుక చదువు కోసం వచ్చేవారు, చదువు ముగించి పోయేవారు ఎప్పుడూ ఉంటారు. జాబితాలో పేర్లు మాత్రం అంత త్వరగా కదలవు. గత అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా ఇంటికి వచ్చిన ఓటరు చీటీల్లో రెండు, నాలుగేళ్ల క్రితమే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన కిరాయిదారులవి. ఇప్పుడు పై వాటాలో ఉంటున్న దంపతుల ఓట్లేమో నర్సంపేట దగ్గరి వాళ్ల ఊళ్లోనే ఉన్నాయి. నవంబరు 30న తెల్లవారుజామునే లేచి, బిడ్డను మా ఆవిడకు అప్పగించి, బస్సెక్కి వెళ్లి ఓటేసి మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. ఆ రెండు ఓట్లూ పల్లె లెక్కలో చేరాయి. ఖాళీ చేసి వెళ్లినవారి పేర్లు మా బూత్‌లో ఓటు వెయ్యనివారి కింద మిగిలిపోయాయి.