దక్షిణపు కిటికీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ దక్షిణపు కిటికీ గారి సముఖానికి, మిచిగన్ తెలుగిళ్లలోని మిరప, వంగ, టమాటా నారు తరఫున రాయునది.

ఎండంతా మీ పిత్రార్జితమైనట్టు మార్చిలో తమరు వెలిగిపోతుంటారు. అది నమ్మి జనం గింజల ట్రేలు తెచ్చి మీ గట్టు మీద పెడతారు. మిరపకూ వంగకూ మట్టి 80-85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే వారం పదిరోజుల్లో మొలుస్తాయి. రాత్రి మీ గాజు పక్కన అదే మట్టి 60కి దిగుతుంది. గింజ వారాల తరబడి కదలదు, చాలాసార్లు మట్టిలోనే కుళ్లుతుంది. తిట్లు మాత్రం విత్తనాలు అమ్మినవాడికి! ట్రే కింద హీట్ మ్యాట్ (మట్టిని వెచ్చగా ఉంచే కరెంటు చాప) వేసిన ఇళ్లలోనే మీ ఆటలు సాగవు.

ఇక వెలుగు. మొలకకు రోజుకు 14-16 గంటలు కావాలి. మార్చిలో పగలే సుమారు 12. అందులో మబ్బు, ఎదురింటి చూరు, మీ రెండు పొరల అద్దం తలా కొంత మింగేస్తాయి. మిగిలిన కాస్త కోసం టమాటా మొలక దారంలా సాగి మీ వైపు వాలిపోతుంది. భక్తి అనుకునేరు, ఆకలి స్వామీ అది. ట్రేను రోజూ తిప్పితే వంపు సరవుతుంది గానీ సాగడం ఆగదు. సాగిన టమాటానైతే కుండీ మార్చేటప్పుడు మొదటి జత ఆకుల దాకా లోతుగా పాతొచ్చు, కాండమే వేళ్లు వేస్తుంది. వంగకూ మిరపకూ ఆ వెసులుబాటు అంతగా లేదు. అదే బేస్‌మెంట్‌లో నాలుగడుగుల ఎల్‌ఈడీ షాప్‌లైటును గొలుసులతో దించి, మొలకల తలలకు రెండు మూడు అంగుళాల పైన ఉంచి, టైమర్ పెడితే నారు పొట్టిగా, లావు కాండంతో లేస్తుంది. అక్కడ కిటికీయే లేదని మనవి.

నారుకుళ్లుతో మీ స్నేహం సంగతీ తెలుసు. చల్లటి, తడారని మట్టి దొరికితే ఆ కుళ్లు తెచ్చే పిథియమ్ అనే బూజులాంటి సూక్ష్మజీవికి పండగే. రాత్రి నిలబడ్డ మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర నలిగి పడిపోతుంది. పడ్డదాన్ని లేపే మందు లేదు. పెరటి మట్టి వాడకుండా కొత్త సీడ్ స్టార్టింగ్ మిక్స్ (గింజలు మొలిపించే తేలికపాటి మిశ్రమం) వాడాలి, ట్రేలు కడగాలి, నీళ్లు అడుగు నుంచి పట్టించి అరగంటలో మిగిలినవి పారబోయాలి, చిన్న ఫ్యాను తిప్పాలి.

మీ దగ్గర ఎండకు అలవాటుపడ్డాయిలే అని మే చివర్లో తిన్నగా పెరట్లో పెడితే ఒక్క మధ్యాహ్నానికే ఆకులు తెల్లగా మాడతాయి. నీడలో గంటతో మొదలుపెట్టి, రోజురోజుకూ పెంచుతూ వారం పదిరోజులు అలవాటు చేయాల్సిందే.

కనుక తమరి గట్టును ఇకపై కరివేపాకు కుండీకి కేటాయించడమైనది. చలికాలంలో అది ఎలాగూ సగం ఆకు రాల్చి నిద్రపోతుంది, వెలుగు చాలలేదని ఫిర్యాదు చేయదు.