డ్రైవర్లు నిర్దోషులు, తప్పంతా బండ్లదే

బండి నడిపే ప్రతి మనిషి పేరిటా ఒక ఖాతా తెరిచి, తప్పు చేసినప్పుడల్లా అందులో మైనస్ పాయింట్లు వేసే పద్ధతి తేవాలని కేంద్రం ఆలోచిస్తోందని 2025లో వార్తలు వచ్చాయి. తిరుపతి పౌరుడిగా ఈ ఆలోచనను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఊళ్లో ఇంతమంది ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్న మచ్చలేని పేరును ఒక్క నోటిఫికేషన్‌తో చెడగొడతామంటే చూస్తూ ఊరుకోలేం.

మచ్చలేని పేరని ఊరికే అనలేదు. టౌన్ క్లబ్ సర్కిల్లో ఎవరినైనా ఆపి చలానాలు ఎన్ని ఉన్నాయని అడగండి. "బండి మీదనా? ఏడో ఎనిమిదో ఉంటాయి సామీ" అంటాడు. మరి నీ మీద ఎన్ని అని అడిగితే, "నా మీద ఎందుకుంటాయి?" అని ఎదురడుగుతాడు. ఆ ఆశ్చర్యంలో నటన ఏమీ లేదు. కెమెరా ఫొటో తీసింది బండి నంబరును. మెసేజ్ పోయింది ఆర్‌సీలో పేరున్న మనిషి ఫోనుకు. మధ్యలో హ్యాండిల్ పట్టుకున్నవాడికి ఈ వ్యవహారంతో ఏం సంబంధం?

ఇంత చిన్న విషయం పరాయి దేశాలవాళ్లకు తట్టలేదు. వాళ్లు మనిషి మీద రాసుకుంటారు. బ్రిటన్‌లో మూడేళ్లలో 12 పాయింట్లు పడితే లైసెన్స్ పోతుంది. జర్మనీలో 8 చాలు. కాలిఫోర్నియాలో మామూలు స్పీడు టికెట్టుకు ఒక పాయింటు వేస్తారు, ఏడాదిలో నాలుగు పడితే నిర్లక్ష్యపు డ్రైవరని ముద్ర కొట్టి లైసెన్స్ మీదికి వస్తారు. ఫైన్ కట్టినా పాయింటు పోదు, మూడేళ్లకు పైగా రికార్డులో కూర్చుంటుంది. దాన్ని చూసి ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం పెంచుతుంది. ఈ బాధ తప్పాలంటే ట్రాఫిక్ స్కూల్‌కు పోయి బుద్ధిగా పాఠం విని రావాలి. అప్పుడు ఆ పాయింటును ఇన్సూరెన్స్ వాళ్ల కంట పడకుండా దాచిపెడతారు. ఆ సౌకర్యమైనా పద్దెనిమిది నెలలకు ఒక్కసారే.

మన పిల్లలు అక్కడ పడుతున్న అవస్థ ఇది. ఇంటర్‌లో ముగ్గురు స్నేహితులను వెనకాల ఎక్కించుకుని బైరాగిపట్టెడ సందుల్లో నాన్న స్కూటర్‌ను ఉరికించిన పిల్లవాడు, ఇప్పుడు అర్ధరాత్రి నరమానవుడు లేని కూడలిలో స్టాప్ బోర్డు చూసి బండి పూర్తిగా ఆపుతున్నాడట. ఆ సంగతి తండ్రి బాలాజీ కాలనీ టీకొట్టు దగ్గర చెబితే నమ్మినవాళ్లు తక్కువ. నమ్మినవాళ్లు జాలిపడ్డారు. "ఫైన్ కట్టినాక ఇంకా పాయింటేంది సామీ? అప్పు తీర్చినాక నోటు చించేయరా?" అని ఒక పెద్దాయన లేవదీసిన ధర్మసందేహానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు.

హైదరాబాద్‌లోనూ ఈ ప్రయోగం చేశారు. 2017 ఆగస్టు 1 నుంచి తెలంగాణ పోలీసులు పాయింట్ల లెక్క మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు నిండితే ఏడాదిపాటు లైసెన్స్ సస్పెన్షన్. హెల్మెట్ లేకపోతే ఒకటి, రాంగ్ రూట్‌కు రెండు, ఇలా ఒక పట్టిక. ఆ పట్టిక చదివిన తిరుపతి వాసి ఎవరైనా ముందు వేసే లెక్క ఒకటే: లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండ్ దాకా ఒక్కసారి పోయొస్తే ఎన్ని అవుతాయని. ఆ లెక్క నేను ఇక్కడ రాయను. చదివేవాళ్లలో పిల్లలు కూడా ఉంటారు.

మన పద్ధతిలో ఉన్న లోతు బయటివాళ్లకు అర్థం కావాలంటే నంబరు ప్లేటును దగ్గరి నుంచి చూడాలి. మొన్న సిగ్నల్ దగ్గర నా ముందు ఆగిన బండినే తీసుకోండి. ప్లేటు అడుగు భాగం పైకి మడిచి ఉంది. ఏపీ 03 వరకు కళకళలాడుతూ కనిపిస్తోంది. తర్వాతి అక్షరాల మీద నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. చివరి రెండు అంకెలు ఉండాల్సిన చోట తిరునామం స్టిక్కర్ ఉంది. దిష్టి తగలకుండా దండ, స్వామి అనుగ్రహానికి నామం. పైనున్న కెమెరా ఏ మొహం పెట్టుకుని ఈ బండికి చలానా రాస్తుంది? పైగా స్టిక్కర్ కింద ఉన్నవి ఎనిమిదులో మూళ్లో పోల్చుకోలేక అది ఇంకెవరికో రాస్తే, ఆ ఇంకెవరో మీరో నేనో కావచ్చు.

ఇక ఆర్‌సీలో పేరు. తెలివైన కుటుంబాల్లో బండి కొడుకు పేరు మీద కొనరు. జాతకం చూపిస్తారు, ఈ ఏడాది వాహనయోగం అమ్మకుందని తేలుతుంది, అమ్మ పేరు మీద రిజిస్ట్రేషన్ అవుతుంది. అమ్మకు సైకిల్ కూడా రాదు. అయినా ట్రిపుల్ రైడింగ్ ఆమె ఖాతాలోనే, సిగ్నల్ జంపింగ్ ఆమె ఖాతాలోనే. ఈ లెక్కన తిరుపతిలో అత్యంత ప్రమాదకరమైన డ్రైవర్లు యాభై దాటిన గృహిణులు. శనివారం ఒక్కపొద్దు ఉండి, సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి నడిచి పోయొచ్చే మనుషులు.

చట్టం రాసినవాళ్లు దీన్ని ఊహించలేదని అనలేం. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం, ఆ సమయంలో బండి నడిపింది ఎవరో పోలీసులు అడిగితే యజమాని చెప్పి తీరాలి. చదవడానికి బాగానే ఉంది. ఏ తల్లి చెబుతుంది?

సెకండ్ హ్యాండ్ బండ్ల సంగతి ఇంకా గొప్పది. పలమనేరులో ఒకాయన బండి అమ్ముకుని, డబ్బులు తీసుకుని, ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద సంతకం పెట్టి హాయిగా ఉంటాడు. కొన్నవాడు ఆ కాగితాలను సీటు కింద భద్రంగా దాచి, తిరుచానూరు రోడ్డులో తనకు తోచినట్టు తిరుగుతుంటాడు. నిజానికి కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్చుకోవాలి. అది ఎవరికి గుర్తుంటుంది? రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత కూడా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. పలమనేరు ఆయనకు ఈ తీర్పు తెలియదు. తిరుపతి నుంచి తన ఫోనుకు నెలనెలా ఎందుకు మెసేజ్‌లు వస్తున్నాయో కూడా తెలియదు. బ్యాంకు వాళ్లు లోన్ ఇస్తామని పెట్టి ఉంటారనుకుని తీసేస్తుంటాడు.

కాస్త చట్టం గురించి కూడా మాట్లాడుకుందాం, వ్యాసం కాబట్టి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. అది అందరికీ తెలుసు. అదే 194డి సెక్షన్‌లో దాని పక్కనే ఇంకో ముక్క ఉంది: మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. ట్రిపుల్ రైడింగ్‌కూ అంతే. ఈ రెండో ముక్కను అక్షరాలా అమలు చేస్తే ఊళ్లో బండి నడపడానికి అర్హులు ఎంతమంది మిగులుతారో మీరే ఊహించుకోండి. అదృష్టవశాత్తూ లైసెన్స్‌ను పర్సులోంచి బయటికి తీయమనే సందర్భాలు తక్కువ. మావాళ్ల లైసెన్సులు చాలావరకు సిమ్ కార్డు తీసుకోవడానికి గుర్తింపు కార్డుగా పనికొచ్చి, ఆ తర్వాత విశ్రాంతిలో ఉన్నాయి.

హెల్మెట్ దగ్గర తిరుపతికంటూ ఒక ప్రత్యేక సమస్య ఉంది. కల్యాణకట్టలో అప్పుడే గుండు చేయించుకుని, గంధం పట్టించుకుని కిందికి వచ్చిన మనిషిని హెల్మెట్ పెట్టమనడం ఎంతవరకు సబబు? పెడితే గంధం పోతుంది. పెట్టకపోతే వెయ్యి పోతుంది. 129వ సెక్షన్‌లో తలపాగా కట్టిన సిక్కులకు మినహాయింపు ఇచ్చారు, గుండుకు ఇవ్వలేదు. వెంట్రుకలను కుషన్‌గా లెక్కేస్తే, అవి లేని తలకే రక్షణ ఎక్కువ కావాలన్నది వైద్యుల వాదన కావచ్చు. అలిపిరి దగ్గర ఆపిన కానిస్టేబుల్‌తో ఈ చర్చ పెట్టుకున్న భక్తుణ్ని చూశాను. "అన్నా, వెంకన్నకే తలనీలాలు ఇచ్చినా, నువ్వు వెయ్యి అడుగుతాండావే" అన్నాడు. కానిస్టేబుల్ రెండు చేతులూ ఎత్తి కొండకు దండం పెట్టి, మిషన్‌లో నంబరు కొట్టాడు.

మనిషి మీద లెక్క రాసే పద్ధతి మన దగ్గర బొత్తిగా లేదనుకుంటే పొరపాటు. ఘాట్ రోడ్డు ఉంది కదా. కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తీసుకోవాలని నిబంధన. బయలుదేరేటప్పుడు టైమ్ వేసిన స్లిప్పు ఇస్తారు, అటుపక్క చూస్తారు. ముందే వచ్చేస్తే జరిమానా. ఆ తెల్ల స్లిప్పు ముందు ఎంతటి డ్రైవరుకైనా టెన్షనే. అందుకే మావాళ్లు ఏం చేస్తారంటే, మలుపుల్లో తమకు అలవాటైన వేగంతోనే దూసుకొచ్చి, టోల్‌గేట్ కాస్త దూరంలో ఉందనగా బండి పక్కకు తీసి ఆపుతారు. వెనకాల ఇంకో కారు ఆగుతుంది. దాని వెనకాల జీపు. తలుపులు తెరుచుకుంటాయి, పులిహోర పొట్లాలు విప్పుతారు, కోతులు చేరతాయి. డ్రైవరు గడియారం చూసుకుంటూ, "ఇంకో ఎనిమిది నిమిషాలు అమ్మా, తొందరేం లేదు, తినండి" అంటాడు. నిబంధన పెట్టింది వేగం తగ్గించడానికి. తగ్గిందనే స్లిప్పు చెబుతుంది. కాగితం అబద్ధం చెప్పదు కదా.

బండి మీద చలానాలు పేరుకుపోతే ఏం చేయాలన్నదానికి మా ఊళ్లో అందరిదీ ఒకే మాట: ఆగాలి. తెలంగాణలో 2022లో పెండింగ్ చలానాల మీద టూవీలర్లకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం తగ్గించారు. తోపుడు బండ్లకైతే 90 శాతం. ఈ వార్త చదివిన రోజు నుంచి మావాళ్లు చలానా కట్టేవాడిని ఆషాఢం సేల్‌కు ముందు రోజు పట్టుచీర కొన్నవాడిని చూసినట్టు చూస్తున్నారు. మనకు ఎప్పుడు పెడతారో తెలియదు, పెడతారన్న నమ్మకం మాత్రం ఉంది. నమ్మకానికి పేరుపడ్డ ఊరు.

అసలు భయం ఇన్సూరెన్స్ వైపు నుంచి వస్తోంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన ఒక వర్కింగ్ గ్రూపు, ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచాలని 2021 జనవరిలో సిఫారసు చేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10. ముందు ఢిల్లీలో ప్రయోగం చేద్దామన్నారు. ఇందులో నాకు నచ్చిన అంశం ఒకటుంది. ఆ అదనపు ప్రీమియం కూడా బండి యజమాని నెత్తినే పడుతుంది. అంటే ఇక్కడ కూడా అమ్మే. డ్రైవరు మళ్లీ నిర్దోషి. నిపుణులు మన సంప్రదాయాన్ని ఇంతగా గౌరవించడం చాలా అరుదు.

కాకపోతే ఈ రికార్డుల వల్ల అనుకోని చోట తంటాలు మొదలయ్యాయి. ఈమధ్య చిత్తూరు నుంచి ఒక పెళ్లి సంబంధం వచ్చింది. పెళ్లికూతురి మేనమామ జాగ్రత్తపరుడు. పొంతన చూడటం ఎటూ పంతులుగారు చూస్తారని, అబ్బాయి చూపులకు ఎక్కి వచ్చిన బండి నంబరు రాసుకుపోయి ఫోన్లో కొట్టి చూశాడు. రెండు రోజుల తర్వాత మధ్యవర్తికి ఫోన్ చేశాడు. కుర్రాడు బంగారమన్నా, వాడి పేరు మీద ఒక్క చలానా కూడా లేదు, ఆ విషయంలో మాకు అభ్యంతరం లేదు అన్నాడు. కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పాడు.

"అత్తగారితోనే మావాళ్లు భయపడుతున్నారు. ముగ్గుర్ని ఎక్కించుకుని, సెల్‌ఫోన్ మాట్లాడతా, రాంగ్ రూట్‌లో సిగ్నల్ దాటే మనిషి దగ్గర మా పిల్ల ఎట్టా నెగ్గుకొస్తుంది చెప్పు?"