పుస్తకం చదివినవారి పక్కన కూర్చుంటే

2004లో అల్ఫోన్సో క్వారోన్ తీసిన మూడవ హ్యారీ పోటర్ చిత్రాన్ని మా అక్క కూతురితో కలిసి ప్రశాంతంగా చూద్దామని కూర్చుంటే, నవలను రెండుసార్లు చదివిన మా బావగారు ప్రతి సన్నివేశానికీ "పుస్తకంలో ఇలా లేదు" అని తీర్పు చెబుతూనే ఉన్నారు. మాయల బడిలో ఎవరు ఎక్కడున్నారో చూపే మాయా పటాన్ని గీసిన నలుగురు ఎవరో చిత్రం చెప్పకుండా వదిలేసిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయితే పాప సరిగ్గా అదే అడిగినప్పుడు ఆయన ఆ బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ గడ్డానికి ముడి ఎందుకని వాపోతున్నారు! చివరికి, హ్యారీ హిప్పోగ్రిఫ్ అనే గద్ద తల, గుర్రం ఒళ్లు ఉన్న రెక్కల జంతువు మీద సరస్సుపైన ఎగురుతుండగా పాప నోరు తెరుచుకొని చూస్తుంటే, రిమోట్ అందుకొని బొమ్మను ఆపి, నవలలో అది ఆవరణ చుట్టూ ఒక్కసారి మాత్రమే తిరిగి దిగిపోయిందని వివరించారు. పాప లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.