నొక్కని స్కాన్, నమ్మని వదిన

వదిన ఇరవై ఏళ్లుగా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీసే టెక్నీషియన్. ఆడపడుచు మెడికల్ ఫిజిక్స్ చదివింది. ఆదివారం చిక్కుడుకాయలు వలుస్తుంటే వాదన మొదలైంది: రొమ్ము కోసమే ప్రత్యేకంగా చేసిన సీటీ (చుట్టూ ఎక్స్‌రేలు తీసి లోపలిది పొరలుగా చూపే స్కాన్) వచ్చింది కదా, ఇక మామోగ్రామ్ దేనికని.

ఆడపడుచు: మీ మిషను దగ్గరికి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రావడానికి ఎందుకు జంకుతారు వదినా? రెండు ప్లేట్ల మధ్య పెట్టి అదుముతారు, ప్రాణం పోయినంత పని. అదే అమెరికాలో కోనింగ్ అనే కంపెనీ చేసిన సీటీ చూడండి. బల్ల మీద బోర్లా పడుకోవడమే. బల్లకున్న రంధ్రంలోంచి రొమ్ము కిందికి వేలాడుతుంది, ఎక్స్‌రే ట్యూబు దాని చుట్టూ ఒక్క చుట్టు తిరుగుతుంది. పది సెకన్లు!

వదిన: నేను సరదాకి అదుముతున్నానా? పలచబడితే తక్కువ రేడియేషన్ సరిపోతుంది. ఒకదానిమీదొకటి పడ్డ టిష్యూ విడిపోతుంది.

ఆడపడుచు: ఎంత విడిపోతుంది? రొమ్ము డెన్స్‌గా, అంటే కొవ్వు తక్కువగా ఉంటే, ఫిల్ములో టిష్యూ తెలుపే, గడ్డా తెలుపే. పాలల్లో సున్నపుబొట్టు వెతుక్కున్నట్టు. సీటీ అయితే పొరపొరా విడదీసి చూపిస్తుంది. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే, రక్తం ఎక్కువ లాగే గడ్డ మెరుస్తుంది కూడా.

వదిన: ఉప్పురవ్వంత కాల్షియం చుక్కల మాటేమిటి? పాలనాళం దాటని తొలి క్యాన్సర్ చాలాసార్లు దొరికేది వాటివల్లే. మామోగ్రామ్‌లో అవి సూదిమొనల్లా తేలతాయి.

ఆడపడుచు: అందుకేగా ఫోటాన్ కౌంటింగ్ వచ్చింది! ఫోటాన్లను, అంటే ఎక్స్‌రే కణాలను, ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది, బొమ్మలో ఎలక్ట్రానిక్ రొద కలవదు. జర్మనీలో ఎర్లాంగెన్ కంపెనీ ఒకటి అలాంటి రొమ్ము సీటీ చేసింది. జ్యూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో వాడారు.

వదిన: చంక వైపు కొస ఆ రంధ్రంలోకి దిగుతుందా? ఛాతీగోడకు ఆనుకున్నది? నేనైతే చేత్తో లాగి ప్లేటు మీదికి తెస్తాను.

ఆడపడుచు: (కాసేపాగి) అక్కడ కొంత మిస్సవుతుంది. నిజమే.

వదిన: ఇంకోటి. 2015లో ఎఫ్‌డీఏ, అదే అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ, ఆ కోనింగ్‌కి దేనికి అనుమతిచ్చింది? ఏదో తేడా కనిపించినవాళ్లను పరీక్షించడానికి. ఏ తేడా లేనివాళ్లందరికీ ముందుజాగ్రత్తగా చేసే స్క్రీనింగ్‌కి కాదు. గడ్డ ఉన్న మనిషికి ఇచ్చే డోసు వేరు, బాగున్న మనిషికి పదేపదే ఇచ్చే డోసు వేరు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూశారు, అంతే. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. చేతికి డోసెంత?

ఆడపడుచు: చేతికి తగిలాక? గడ్డ ఎంతుంది, పక్కన ఇంకోటి ఉందా అని చెయ్యే చెబుతుందా?

వదిన: అక్కడ పెట్టుకో నీ సీటీని, వద్దన్నానా? స్క్రీనింగ్ గదిలోకి మాత్రం తేకు.

ఆడపడుచు: అంటే కొనమన్నట్టేగా!

వదిన: ముందా గిన్నె ఇటివ్వు. సగం కాయలకి ఈనె అలాగే వదిలేశావు.