సైన్యం రాసిన షరతులు, మార్కెట్ పూసిన పాతదనం

తిరుమలగిరి, బొల్లారం వైపు రోజూ తిరిగేవాళ్లకు ఆర్మీ లారీల నంబర్ ప్లేట్ల మీద పైకి చూసే బాణం గుర్తు బాగా తెలుసు. ప్రభుత్వ సొత్తు అని చెప్పడానికి బ్రిటిష్ వాళ్లు తమ సామాన్ల మీద వేసుకున్న ముద్ర అది. వాళ్లు వెళ్లిపోయాక కూడా మన సైనిక వాహనాల మీద ఉండిపోయింది. అదే బాణం ఈమధ్య మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో వాచీ డయళ్ల మీద కనిపిస్తోంది. నల్ల డయల్, తెల్ల అంకెలు, నైలాన్ పట్టీ, మధ్యలో చిన్న బాణం. ఎనభై ఏళ్ల కిందటి సైనిక వాచీలను అచ్చుగుద్దినట్టు మళ్లీ తయారుచేసి అమ్మడం ఇప్పుడు చాలా దేశాల్లో మంచి వ్యాపారం. హైదరాబాద్‌లోనూ వాటికి అభిమానులున్నారు.

నాకూ ఈ వాచీలంటే చాలా ఇష్టం. ఇష్టం కాబట్టే, వాటిలో ఏది మంచి నకలో గట్టిగా అడగాలనిపిస్తుంది. సైన్యం ఆనాడు కాగితం మీద ఏ షరతులు రాసిందో వాటిని పాటించేదే నిజమైన నకలు అని నా అభిప్రాయం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు సొరుగుల్లో పడి ఉండటం వల్ల వాచీకి పట్టిన మరకలను కాపీ కొడితే అది అలంకారమే అవుతుంది. ఈ రెండూ ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి, తేడా చెప్పేవాళ్లు తక్కువ.

ఆ షరతులు ఎలాంటివో కాస్త వివరంగా చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన సైనికుల వాచీ ఎలా ఉండాలో రాసి, స్విట్జర్లాండ్‌లో చేయించుకుంది. 1945లో అందిన ఆ వాచీల వెనక మూడు డబ్ల్యూలు చెక్కి ఉంటాయి: వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్. వాటిని చేసిన కంపెనీలు ఇవి: ఒమేగా, లాంజిన్, ఐడబ్ల్యూసీ, జేగర్ లకూల్త్ర్, సైమా, బ్యూరెన్, ఎటర్నా, గ్రానా, లెమానియా, రికార్డ్, టిమోర్, వెర్టెక్స్. పేర్లు పన్నెండు, ముఖం మాత్రం దాదాపు ఒకటే. సేకరించేవాళ్లు వీటిని డర్టీ డజన్ అంటారు. ఒక్క చూపులో టైమ్ తెలియాలి కాబట్టి నల్ల డయల్ మీద తెల్ల అంకెలు. చీకట్లో కనపడాలి కాబట్టి ముల్లులకు మెరిసే రంగు. దెబ్బ తగిలినా అద్దం ముక్కలై డయల్ మీద పడకూడదు. లోపలికి నీళ్లు, దుమ్ము పోకూడదు. చాలావాటిలో పట్టీ పిన్నులు కేసుకే అతికి ఉంటాయి, ఎందుకంటే ఊడివచ్చే స్ప్రింగ్ పిన్ను ఒక్కటి జారితే వాచీ బురదలో పోయినట్టే. అమెరికా వాళ్ల ఏ-11 వాచీలో ఇంకో షరతు ఉండేది: కీ పైకి లాగగానే సెకన్ల ముల్లు ఆగిపోవాలి. విమాన సిబ్బంది అందరూ ఒకే సెకనుకు వాచీలు కలుపుకోవడానికి అది కావాలి. ఎల్జిన్, వాల్థమ్, బులోవా వాటిని తయారుచేశాయి.

అందం గురించి ఇందులో ఒక్క మాట లేదు. ఉన్న ప్రతి గీతకూ ఒక కారణం ఉంది, కారణం లేనిదేదీ డయల్ మీద లేదు. ఇవాళ ఆ వాచీ చూడగానే మనసుకు హాయిగా ఉండేది అందుకేనని నేను నమ్ముతాను. కాబట్టి నకలు చేసేవాళ్లు కాపాడాల్సింది ఈ కారణాలనే.

కొందరు కాపాడారు కూడా. హామిల్టన్ అనే కంపెనీ 2018లో తెచ్చిన ఖాకీ ఫీల్డ్ మెకానికల్ వాచీ చూడండి. 38 మి.మీ. కేసు, చేత్తో కీ ఇచ్చే మిషన్, అంకెల లోపలి వరుసలో 13 నుంచి 24 దాకా సైనిక గంటలు, తేదీ కిటికీ లేదు. ఆ తేదీ కిటికీ పెట్టకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అమ్మకాల విభాగం ఎంత ఒత్తిడి చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. సీడబ్ల్యూసీ అనే బ్రిటిష్ కంపెనీది ఇంకా శుభ్రమైన దారి. 1972లో మొదలై బ్రిటిష్ రక్షణ శాఖకు వాచీలు సరఫరా చేసిన ఆ సంస్థ అవే నమూనాలను ఇప్పటికీ అమ్ముతోంది. 1980లో వచ్చిన వాళ్ల జీ10 క్వార్ట్జ్ వాచీ వెనక బ్యాటరీకి విడిగా ఒక చిన్న మూత ఉంటుంది. బ్యాటరీ మార్చడానికి వెనక భాగమంతా విప్పక్కర్లేదు. సైన్యం మనసు ఎలా పనిచేస్తుందో ఆ చిన్న మూత చూస్తే తెలుస్తుంది.

ఇక నన్ను బాధపెట్టే వాచీల సంగతి. పాత వాచీల్లో మెరుపు కోసం మొదట రేడియం, ఆ తర్వాత ట్రిటియం పూసేవారు. ట్రిటియం శక్తి సుమారు 12 ఏళ్లకు సగమవుతుంది. దశాబ్దాలు గడిచేసరికి మెరుపు చచ్చిపోతుంది, పూత పసుపుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. సైనికుడి చేతికి ఇచ్చిన రోజున ఆ రంగు లేదు. ఇవాళ వాడే సూపర్ లుమినోవా పూతలో రేడియోధార్మికత ఏమీ లేదు, వెలుతురు పీల్చుకుని చీకట్లో వదులుతుంది, అది అలా గోధుమ రంగుకు తిరగాల్సిన పనే లేదు. అయినా దానికి కావాలని మీగడ రంగు కలిపి, ముసలి వాచీలా కనిపించేట్టు చేస్తున్నారు. లేత రంగు పూతతో పోలిస్తే రంగు కలిపిన పూత తక్కువ మెరుస్తుంది. అంటే చీకట్లో కనపడాలన్న అసలు షరతునే పాతదనం కోసం తగ్గించుకుంటున్నారు. ఆ వాచీ చూసిన యుద్ధం లేదు, తడిసిన వాన లేదు. కొనేవాడు పదేళ్లు, ఇరవై ఏళ్లు వాడితే దాని మీద వచ్చే గీతలు అతని సొంతం. వాటికి చోటు లేకుండా ముందే ఎవరివో గుర్తులు అంటించి అమ్మడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాగైతే రేడియం కూడా పూయమంటావా అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. షరతు చీకట్లో కనపడాలని, విషంతో కనపడాలని కాదు. రేడియం డయళ్లు ప్రమాదమని తెలిశాక బ్రిటిష్ రక్షణ శాఖే చాలా వాచీలకు డయళ్లు తీసి ట్రిటియంవి వేయించింది. షరతు అలాగే ఉంచి మెరుగైన సరుకు వాడటం ఆనాటి సైన్యం చేసిన పనే. ధర విషయంలో మాత్రం నాకు సమాధానం దొరకదు. ఆ వాచీలు వేల సంఖ్యలో సైనికులకు పంచిన సామాన్లు, పని అయ్యాక వెనక్కి ఇచ్చేయాల్సినవి. వెర్టెక్స్‌ను దాని స్థాపకుడి ముని మనవడు మళ్లీ నిలబెట్టడం మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ కొత్త వాచీ రెండు వేల పౌండ్ల పైమాటే. సామాన్య సిపాయి పేరు మీద బతికే వస్తువు ఆ సిపాయి జీతానికి అందకపోవడం చిన్న లోపం కాదు.

జర్మన్ పైలట్ వాచీలకు ఇంకో మాట అవసరం. లాకో, స్టోవా అనే జర్మన్ కంపెనీలు నేటికీ అమ్మే ఆ డయల్ హిట్లర్ వైమానిక దళం కోసం చేసింది. అసలు వాచీ 55 మి.మీ., కోటు చేతి మీద కట్టుకునేది. డిజైన్ గొప్పదే, నేను కాదనను. అయితే ఎవరి కోసం చేశారో కూడా అమ్మేవాళ్లు వాచీతో పాటు స్పష్టంగా చెప్పాలి.

ఇంత రాశాక మన సంగతి వదిలేయలేను. ఏడాదికి రెండుసార్లు దుండిగల్‌లో వైమానిక దళ కేడెట్ల పరేడ్ చూసి మురిసిపోయే ఊరు ఇది, బాణం గుర్తు కోసం లండన్ వైపు చూస్తోంది. మనకూ సొంత సైనిక వాచీ ఉంది. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ వాచీల్లో జవాన్, పైలట్ రెండూ ఆ జాతివే. కీ ఇచ్చే మిషన్, తేలిగ్గా చదవగలిగే అంకెలు, మధ్యతరగతి కొనగలిగిన ధర. పైలట్ నల్ల డయల్ ఇవాళ్టి ఏ విదేశీ నకలు పక్కన పెట్టినా తల దించుకోదు. ఇక్కడ చింతల్‌లో యంత్రాల ఫ్యాక్టరీ, మౌలాలిలో ఒకప్పటి బేరింగుల ఫ్యాక్టరీ, నాచారంలో హెచ్ఎంటీ నగర్ ఉన్న హైదరాబాద్‌కు ఆ మూడక్షరాలు ఇంటి పేరంత దగ్గర. 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ మూసేయాలని నిర్ణయించిన వాటిలో హెచ్ఎంటీ వాచెస్‌తో పాటు మన హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా ఉంది.

ఆ వాచీలకు తర్వాత పట్టిన గతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పాత హెచ్ఎంటీ కేసులు పోగుచేసి, డయల్ గీకి, కొత్త రంగు కొట్టి, ఆర్మీ అని అచ్చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఎర్రవి, నీలంవి, త్రివర్ణంవి కూడా దొరుకుతాయి. అలాంటి డయల్ ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు. విదేశాల్లో కొత్త వాచీకి పాత రంగు పూస్తుంటే, ఇక్కడ నిజంగా పాతదైన వాచీ మీద కొత్త కథ రాస్తున్నారు. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ నష్టం, ఎందుకంటే గీకేసిన డయల్ మళ్లీ రాదు. మొదటి యజమాని కట్టుకున్న స్థితిలో మిగిలిన జవాన్ వాచీలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇంట్లో తాతగారిదో నాన్నగారిదో ఉంటే సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు డయల్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. మరక ఉన్నా ఉండనివ్వండి, అది దాని సొంత మరక.

భారతీయ సైనిక వాచీ మీద కొత్తవాళ్లకు ఆసక్తి లేదనలేం. 2018లో వచ్చిన బెంగళూరు వాచ్ కంపెనీ మిగ్-21 విమానాన్ని తలచుకుంటూ మాక్ 1 వాచీ చేసింది. అయితే అది కొత్త డిజైన్, పాతదానికి నకలు కాదు. యథాతథంగా జవాన్‌ను మళ్లీ చేయగలిగేది హెచ్ఎంటీ పేరు చేతిలో ఉన్న ప్రభుత్వమే. తయారీ బయటివాళ్లకు అప్పగించినా ఫర్వాలేదు. కేసు సైజు పెంచకూడదు, తేదీ పెట్టకూడదు, తెల్లగా మెరిసే పూత వేయాలి, కీ ఇచ్చే మిషన్ ఉండాలి, ధర ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు ఒక నెల జీతంలో సర్దుకోగలిగేలా ఉండాలి. విడిభాగాలు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే దాచిపెట్టకుండా, కోఠిలోనో సుల్తాన్ బజార్‌లోనో కంటికి లెన్స్ పెట్టుకుని కూర్చునే మెకానిక్‌కు కూడా అమ్మాలి.